ఆకులో మందుంది సరే, ఎంతుంది?

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిజన సహకార సంస్థ డిపో ముందు సీజన్‌లో ఓ పావుగంట నిలబడితే, అటవీ సరుకుల బస్తాల మధ్య రెండు రకాల పిక్కలు కనబడతాయి. 2022లో జిల్లాలు మారి ఆ ఊళ్ళు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి గానీ, అంతకుముందు ఒకటి శ్రీకాకుళం జిల్లా, ఇంకోటి విజయనగరం జిల్లా, ఆ సరుకు గురించి ఇక్కడ తెలియనివాళ్ళు తక్కువ. మొదటిది చిల్ల పిక్క. శనగగింజ కంటే కాస్త పెద్దది, గుండ్రంగా, వెలిసిపోయిన పసుపు రంగులో ఉంటుంది. రెండోది ముసిడి పిక్క. చొక్కా బొత్తంలా చదునుగా, బూడిద రంగులో ఉంటుంది, వేలితో రాస్తే పట్టుగుడ్డలా నున్నగా తగిలే సన్నటి నూగు దాని మీద.

చిల్ల పిక్కని తడి కుండ లోపలి గోడకి కాసేపు అరగదీసి బురదనీళ్ళు పోస్తే, మడ్డి అంతా అడుక్కి దిగి పైన తేటనీళ్ళు నిలుస్తాయి. పిక్కలోని జిగట పదార్థాలు మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తాయి, అంతే కిటుకు. ఎన్నో తరాలుగా జనం తాగే నీళ్ళలో వేసుకుంటున్న పిక్క ఇది. ముసిడి పిక్క కథ వేరు. అందులో స్ట్రిక్నిన్ ఉంటుంది. కండరాలు అదుపు తప్పకుండా వెన్నుపాము లోపల ఒక కళ్ళెం పనిచేస్తూ ఉంటుంది, స్ట్రిక్నిన్ ఆ కళ్ళేన్ని తెంపేస్తుంది, అప్పుడు తలుపు చప్పుడైనా సరే ఒళ్ళంతా విల్లులా బిగుసుకుపోతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు కూడా.

విచిత్రం ఏమిటంటే ఈ రెండు చెట్లూ అక్కాచెల్లెళ్ళు. రెండూ స్ట్రిక్నోస్ అనే ఒకే ప్రజాతి, ఒకే కొండ మీద పెరుగుతాయి, చాలాసార్లు ఒకే మనిషి ఏరి తెస్తాడు. 1818లో పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచి రసాయనవేత్తలు ఈ స్ట్రిక్నోస్ జాతి గింజల నుంచే స్ట్రిక్నిన్‌ని విడదీశారు. రెండేళ్ళు తిరిగేసరికి 1820లో అదే ఇద్దరు సింకోనా బెరడు నుంచి క్వినైన్ తీశారు. మొదటిది ఎలుకల మందుగా పేరు తెచ్చుకుంది, రెండోది వందేళ్ళకు పైగా మలేరియా జ్వరానికి ప్రపంచం మొత్తానికి ఉన్న ఏకైక దిక్కు.

"ఆకుమందే కదా, పనిచేస్తే చేస్తుంది, లేకపోతే హాని ఏమీ ఉండదు" అనే మాట మన దగ్గర తాతల కాలం నుంచి ఇప్పటి వాట్సాప్ వరకు ఆగకుండా తిరుగుతోంది. మొక్క వైపు నుంచి ఒక్కసారి చూస్తే ఈ మాట ఎంత వింతగా ఉందో తెలుస్తుంది. మేక వస్తే మొక్క పారిపోలేదు, పురుగు పడితే చేత్తో దులుపుకోలేదు. అందుకని ఒళ్ళంతా రసాయనాలు నింపుకుంటుంది. చేదు, వగరు, ఘాటు, మత్తు, వాంతి, ఇవన్నీ తినడానికి వచ్చినవాడిని తరమడానికి అది పెట్టుకున్న ఏర్పాట్లు. వాటిలో కొన్ని మన గుండె మీదో నరాల మీదో పనిచేయడం మన అదృష్టం, మొక్కకి ఆ సంగతి తెలియదు. మొక్కల్లో మందుందా అన్న ప్రశ్నకి జవాబు ఎప్పుడో దొరికింది, ఉంది. అడగాల్సిన ప్రశ్న అందులో ఎంతుంది, ఈ మనిషికి ఎంత కావాలి, ఆ రెండూ సరిపోయాయని ఎవరు చూశారు అని.

ఈ లెక్క బాగా కనబడే చోటు ఒకటుంది. పురుగుమందు తాగి, లేదా చేలో కొడుతూ ఒంటికి పట్టించుకుని పెద్దాసుపత్రికి వచ్చే కేసులు శ్రీకాకుళం, విజయనగరం డాక్టర్లకి కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లోకి పోతే నోట్లో చొంగ, కళ్ళలో నీళ్ళు, కంటిపాప సూదిమొనంత అయిపోవడం, నాడి పడిపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరి గురగురలాడటం వరసగా జరుగుతాయి. దీనికి మొదట ఎక్కించే ఇంజక్షన్ అట్రోపిన్. అది ఉమ్మెత్త, బెల్లడోనా కుటుంబం మొక్కల నుంచి వచ్చిన మందు. ఉమ్మెత్తకాయ తిన్నవాడికి ఏమవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు: నోరు పిడచగట్టుకుపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, గుండె దడదడలాడుతుంది, పిచ్చిమాటలు మొదలవుతాయి. పైన చెప్పిన లక్షణాలకి ఇవి నూటికి నూరు పాళ్ళు ఎదురు. అందుకే ఒక విషానికి ఇంకో విషం విరుగుడయింది.

కానీ వార్డులో జరిగే పని చూడాలి. కొద్దిగా ఇస్తారు, కొన్ని నిమిషాలు ఆగుతారు, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి గురగుర తగ్గిందా, నాడి పెరిగిందా, చెమట ఆరిందా చూస్తారు, తగ్గకపోతే రెట్టింపు చేస్తారు, మళ్ళీ చూస్తారు. తగ్గాక కూడా వదలరు, సెలైన్‌లో కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ, రోగి ఉమ్మెత్త తిన్నవాడిలా మాట్లాడటం మొదలెడితే డోసు తగ్గిస్తారు. ఉమ్మెత్త గింజల కషాయంతో ఈ పని ఎవరూ చేయలేరు, ఎందుకంటే ఒక ఉమ్మెత్తలో ఉన్నంత మందు పక్క ఉమ్మెత్తలో ఉండదు. వేరులో ఒక లెక్క, గింజలో ఇంకో లెక్క, వానకి ముందు ఒకటి, వాన తర్వాత ఒకటి. ఆంపుల్ మీద మిల్లీగ్రాముల్లో అచ్చేసిన అంకె ఉంటుంది చూశారూ, పూర్వపు వైద్యుడికి లేనిది అదొక్కటే. ఆయనకి తెలివి లేక కాదు. ముసిడి గింజలని ఆవు పంచితంలోనో పాలలోనో ఉడికించి, పొట్టు తీసి, నేతిలో వేయించి, శుద్ధి చేశాకే ఇసుమంత వాడాలని ఆయుర్వేదం ఎప్పుడో చెప్పింది. విషమని తెలిసే చెప్పింది. ఇప్పటికీ చట్టంలో విషపు మొక్కల జాబితా ఒకటుంది, అందులోవి కలిసిన ఆయుర్వేద మందు డబ్బా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని రాయాలి. ఆ అక్షరాలు ఎంత చిన్నవో డబ్బా తిప్పి చూసినవాళ్ళకి తెలుసు.

ఇక బిళ్ళగన్నేరు. పూజకి పూలు కోసుకునే మొక్క, నీళ్ళు పోయకపోయినా గోడ పగుళ్ళలో కూడా బతికే మొక్క, శ్రీకాకుళంలో ఈ మొక్క లేని వీధి చూపించడం కష్టం. సొంతూరు మాత్రం మడగాస్కర్. షుగర్ ఉన్నవాళ్ళలో చాలామంది పొద్దున్నే దీని ఆకులు నాలుగు నమిలి మింగడం గానీ, పూలు నానబెట్టిన నీళ్ళు తాగడం గానీ చేస్తుంటారు. ఈ నమ్మకం మనదొక్కరిదే కాదు. 1952లో కెనడాలో ఒక డాక్టరుకి జమైకా నుంచి కవరులో ఓ పాతిక ఆకులు వచ్చాయి, అక్కడివాళ్ళు షుగర్‌కి దీని కషాయం తాగుతారన్న మాటతో. ఆయన వాటిని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి ఇచ్చారు. నోబుల్ ఎలుకలకి ఆ రసం నోటి ద్వారా పట్టిస్తే షుగర్‌లో ఏ తేడా లేదు. ఇంజక్షన్‌గా ఇస్తే ఎలుకలు వరసగా చచ్చిపోయాయి. ఇంకొకరైతే అక్కడితో పారేసేవారు. కోసి చూస్తే అవి చచ్చింది విషంతో కాదు, ఇన్ఫెక్షన్లతో. తెల్ల రక్తకణాలు దారుణంగా పడిపోయాయి. తెల్లకణాలు పడగొట్టే మందు అంటే తెల్లకణాలు విచ్చలవిడిగా పెరిగే రోగానికి, అంటే బ్లడ్ క్యాన్సర్‌కి, పనికిరావాలి కదా! చార్లెస్ బీర్ అనే రసాయనవేత్త సాయంతో అందులోంచి విన్‌బ్లాస్టిన్ బయటపడింది. దాని వెనకే వచ్చిన విన్‌క్రిస్టిన్ పిల్లల లుకేమియా చికిత్సలో ఇప్పటికీ తప్పనిసరి.

గ్రాము విన్‌బ్లాస్టిన్ కావాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. క్యాన్సర్‌కి బిళ్ళగన్నేరు మందు అని విని ఆకు నమిలేవాళ్ళున్నారు. అరటన్ను ఎండుటాకు నమిలితే వచ్చే ఆ గ్రాము కోసం ఎవరి పళ్ళూ, ఎవరి కడుపూ చాలవు. ఆకులో అది ఒక్కటే లేదు కూడా, ఆ జాతి పదార్థాలు వందకు పైగా ఉన్నాయి, వాటిలో ఏది ఏం చేస్తుందో నాలుగు ఆకులు మింగినవాడి చేతిలో ఉండదు. అదే విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్‌గా వచ్చాక ఎంత పదునెక్కిందంటే, నరంలోకి ఎక్కించాల్సిన మందు పొరపాటున వెన్నులోకి పోతే మనిషి బతకడం దాదాపు జరగదు, అందుకే సిరంజి కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని నిబంధనలు పెట్టుకున్నారు. పెరట్లో పువ్వుకీ వార్డులో సంచికీ మధ్య దూరం అంత.

షుగర్ మాటెలాగూ వచ్చింది కాబట్టి, ఆకు కావాలనుకునేవాళ్ళకి ఒక సంగతి. రోజూ మింగే మెట్‌ఫార్మిన్ బిళ్ళ మూలం కూడా ఒక మొక్కే. ఐరోపాలో గలేగా అనే పశువుల మేత మొక్క ఉంది, అందులో షుగర్ తగ్గించే గలెజిన్ అనే పదార్థం ఉంది, కానీ అది మనిషికి పడదు, విషం. దాని నమూనా చూసి, ఆ విషపు గుణం లేని దగ్గరి చుట్టాన్ని రసాయనశాలలో తయారు చేసుకున్నారు. 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని మనుషుల మీద వాడిన ఫలితాలు ప్రకటించాడు. ఇప్పుడు బిళ్ళలో ఆకు ఆనవాలు లేదు, అంతా ఫ్యాక్టరీ తయారీ. పైడిభీమవరం దగ్గర హైవే మీద బస్సు వెళ్తుంటే మందుల ఫ్యాక్టరీల వాసన లోపలికి కొడుతుంది కదా, "ఇదంతా కెమికల్, మన ఆకే నయం" అని ముక్కు మూసుకుని అనేవాళ్ళు ఆ కెమికల్స్‌లో కొన్నిటి తాతముత్తాతలు ఆకులేనని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

సర్పగంధి కథ మన దేశానిదే. దాని వేరుని నిద్రకీ పిచ్చికీ ఎప్పటినుంచో వాడుతున్నారు. బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బీపీ రోగుల మీద దాని ఫలితాలని బ్రిటన్ వైద్య పత్రికలో రాశాకే ప్రపంచం కళ్ళు తెరిచింది. 1952లో అందులోంచి రిసర్పిన్ తీశారు. బీపీకి మందు దొరికిన సంతోషం కొన్నాళ్ళే, డోసు ఎక్కువైన వాళ్ళు దిగులులోకి జారిపోతున్నారని తేలింది. మిల్లీగ్రాములో పావు వంతు అటూ ఇటూ అయితే వచ్చే తేడా అది.

ఇదంతా చదివాక "మరి మా మేనమామకి కామెర్లు పసరుతోనే తగ్గాయి కదా" అనే ప్రశ్న రావాలి, వస్తుంది కూడా. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. పసరు పోసే పద్ధతి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అందరికీ తెలిసిందే. తెల్లవారకముందే పరగడుపున వెళ్ళాలి, ముందు రోజు నుంచి పథ్యం, నేల ఉసిరి నూరిన ముద్ద మజ్జిగలోనో మేకపాలలోనో కలిపి ఇస్తారు, ఏం ఆకు అని అడిగితే చెప్పరు, చెబితే పనిచేయదంటారు. మూడు రోజులు పోసుకోవాలి, తర్వాత కొన్ని వారాలు ఉప్పూ నూనే లేని చప్పిడి తిండి. నెల తిరిగేసరికి కళ్ళు తెల్లబడతాయి.

కళ్ళు తెల్లబడటం నిజం, అందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎక్కడ తేడా వస్తోందంటే, మన దగ్గర ఎక్కువగా వచ్చే కామెర్లు కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు. వీటికి ప్రత్యేకమైన మందు లేదు, చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు పోసుకున్నవాళ్ళకీ తగ్గుతాయి, పోసుకోనివాళ్ళకీ తగ్గుతాయి. పోసుకోనివాడు "నాకు ఊరికే తగ్గింది" అని ఊరంతా తిరిగి చెప్పడు కాబట్టి పేరు పసరుకి వస్తుంది. తగ్గనివాడి సంగతి ఇంకా ఘోరం, పథ్యం చెడగొట్టాడంటారు. పసరు ఓడిపోయే దారి ఈ ఆటలో ఎక్కడా లేదు. (పైన చెప్పిన చిల్ల పిక్క గుర్తుందా? తేటపడిన నీళ్ళలో మట్టి ఉండదు గానీ కామెర్ల వైరస్ ఉండొచ్చు, మరిగించాల్సిందే.)

కామెర్లన్నీ ఒకటి కావు, చిక్కంతా ఇక్కడే. పైత్యనాళంలో రాయి అడ్డుపడినా కళ్ళు పచ్చబడతాయి, క్లోమంలో గడ్డ వచ్చినా పచ్చబడతాయి, తాగుడు వల్ల కాలేయం పాడైనా, ఎలుక జ్వరం వచ్చినా అంతే. గర్భిణికి చివరి నెలల్లో హెపటైటిస్ ఈ వస్తే నూటికి 20 నుంచి 25 మంది వరకు చనిపోయే ప్రమాదం ఉంది. ఆ మూడు రోజుల పసరు, ఆ నెల రోజుల పథ్యం వీళ్ళ విషయంలో పోగొట్టుకున్న కాలం.

నేల ఉసిరిని శాస్త్రం చూడకుండా వదిలేసిందా అంటే లేదు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో మోస్తున్నవాళ్ళకి నెల రోజులు నేల ఉసిరి పొడి ఇచ్చి, 37 మందిలో 22 మందికి వైరస్ జాడ పోయిందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పెద్ద సంచలనం అయింది. తర్వాత ఇతర దేశాల్లో అదే పని చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. మొక్క రకం మారిందా, నేల మారిందా, కోసిన కాలం మారిందా అని చాలా చర్చ నడిచింది. మళ్ళీ అదే ప్రశ్న, ఆకులో ఎంతుంది? అందులోనూ మనం నేల ఉసిరి అని పిలిచేది ఒక్క మొక్కని కాదు, దగ్గర పోలికలున్న మూడు నాలుగు మొక్కల్ని.

డెంగీకి బొప్పాయి ఆకు రసం కూడా ఈ కోవలోదే. ప్లేట్‌లెట్లు పడిపోతున్న మూడో నాలుగో రోజు కంగారుపడి రసం మొదలెడతారు, ఆరో ఏడో రోజుకి డెంగీలో ప్లేట్‌లెట్లు మామూలుగానే పైకి లేస్తాయి. కొన్ని చిన్న పరీక్షల్లో కాస్త ఫలితం కనబడింది, కాబట్టి పూర్తిగా ఉత్తిదే అనడం కూడా తొందరపాటే. కానీ డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోవడం, దాన్ని రసం ఆపదు.

మలేరియా దగ్గరికి వస్తే ఆకుకీ మందుకీ ఉన్న సంబంధం ఇంకో రకంగా కనిపిస్తుంది. ఏజెన్సీలో జ్వరం అనగానే నేలవేము కషాయం. క్వినైన్ చేదు, నేలవేము చేదు, కాబట్టి రెండూ ఒకటే అనే లెక్క. చేదుకీ మలేరియా క్రిమికీ సంబంధం లేదు. ఇప్పుడు ఫాల్సిపేరమ్ అనే రకం మలేరియాకి ఆశా కార్యకర్త చేతిలో పెట్టే మాత్రల్లో ఉన్న ఆర్టిసునేట్ కూడా మొక్క బిడ్డే. చైనాలో తూ యూయూ అనే ఆవిడ పాత గ్రంథాల్లో జ్వరానికి వాడిన ఆకుల్ని వరసగా పరీక్షిస్తూ, ఒక ఆకు దగ్గర ఆగిపోయారు. ఒకసారి బాగా పనిచేసేది, మళ్ళీ చేస్తే పనిచేసేది కాదు. నాలుగో శతాబ్దపు గ్రంథం మళ్ళీ తీసి చదివితే అందులో కాచమని లేదు, గుప్పెడు ఆకు నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉంది. అంటే కాగితే మందు చచ్చిపోతోంది! తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో తీసి చూస్తే 1971లో ఆ సారం జంతువుల్లో మలేరియా క్రిమిని పూర్తిగా చంపింది. 2015లో ఆవిడకి నోబెల్ వచ్చింది. మనవాళ్ళు ఏ ఆకునైనా ముందు పొయ్యి మీద పెట్టి సగానికి మరిగించడం చూస్తే ఈ కథ గుర్తొస్తుంది.

సంప్రదాయ వైద్యం గెలిచింది అని దీన్ని చెప్పుకుంటారు, అది సగం నిజం. అదే ఆకుతో టీ కాచుకుని మలేరియాకి తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పింది. టీలో మందు కొద్దిగానే దిగుతుంది, ఎంత దిగిందో తెలియదు, జ్వరం తగ్గినట్టే తగ్గి క్రిమి సగం బతికి ఉంటుంది, ఆ బతికినవి మందుకి అలవాటుపడి తర్వాతి మనిషికి చేరతాయి. అందుకే ఆర్టిసునేట్‌ని ఒంటరిగా కాకుండా ఇంకో మందుతో జతచేసి మూడు రోజులు ఇస్తారు. మలేరియాలో ఇంకో రకం వైవాక్స్, దానికైతే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. రెండో రోజుకి జ్వరం తగ్గగానే మాత్రలు చూరులో దోపేసి పనికెళ్ళిపోవడం మన దగ్గర మామూలు. ఆకు టీ చేసే చెడే ఈ చూరులో మాత్రలూ చేస్తాయి.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టూ కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. నీళ్ళు, ఎండలో చెమటోడ్చే పని, నొప్పి మాత్రలు, పురుగుమందులు, వంశంలో వచ్చే గుణం, అన్నిటి మీదా అనుమానాలున్నాయి, ఒక్కటే కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఇక్కడ ఆకుమందుల ప్రస్తావన ఎందుకంటే, ప్రపంచంలో ఇలాంటి మిస్టరీ కిడ్నీ రోగం ఒకదాని వెనక నిజంగానే ఒక మొక్క దొరికింది. డాన్యూబ్ నది ఉపనదుల ఒడ్డున బాల్కన్ పల్లెల్లో తరాలపాటు రైతుల కిడ్నీలు చెడిపోయాయి. గోధుమ చేలో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా మొక్క గింజలు పిండిలో కలిసి రొట్టెల్లోకి పోవడమే దానికి కారణమని చాలా ఏళ్ళ తర్వాత తేల్చారు. బ్రస్సెల్స్‌లో 1990ల మొదట్లో ఒళ్ళు తగ్గడానికి చైనా మూలికలు మింగిన ఆడవాళ్ళు దాదాపు వంద మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, చాలామందికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. అక్కడ జరిగింది పేరు పొరపాటు. ఫాంగ్‌జీ అనే పేరుతో పిలిచే మూలికలు ఒకటి కంటే ఎక్కువ, ఒకదాని బదులు ఇంకోటి పొట్లాల్లోకి వచ్చింది, ఆ రెండోది అరిస్టొలోకియా.

ఉద్దానానికి ఈ మొక్కే కారణమని ఎవరూ చూపలేదు, అలా ప్రచారం చేయడం తప్పు. కానీ అరిస్టొలోకియా మనకి పరాయిది కాదు. పాముకాటుకి అరగదీసి పట్టే ఈశ్వరి వేరు ఈ జాతిదే, గాడిదగడపర కూడా ఈ జాతిదే. పాము విషానికి విరుగుడు గుర్రాల రక్తం నుంచి తయారైన ఇంజక్షన్ ఒక్కటే, వేరు అరగదీసే ఆ అరగంట కూడా ఖరీదైనదే. ఇప్పటికే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే పేరుకునే వ్యర్థం) పెరిగినవాళ్ళకి ఏ నాటు మందూ వాడొద్దని కిడ్నీ డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. కిడ్నీ బాగున్నవాడి ఒంట్లోంచి మర్నాటికి బయటికి పోయేది, కిడ్నీ పోయినవాడి ఒంట్లో పేరుకుంటుంది. కొబ్బరి బోండాం సంగతే చూడండి, అంతకంటే సాధువైన పానీయం ఉద్దానంలో లేదు, చుట్టానికి మంచినీళ్ళ బదులు అదే కొట్టి ఇస్తారు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి మాత్రం వద్దంటారు, అందులోని పొటాషియం గుండెని ఆపేయగలదు. సొంత తోటలో చెట్ల కింద కూర్చుని బోండాం తాగకూడని మనిషిని చూశాక "సహజం కాబట్టి మంచిది" అనే మాట ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పేర్ల గందరగోళం బ్రస్సెల్స్‌కే పరిమితం కాదు. బ్రాహ్మి అని అడిగితే ఒక కొట్లో ఒక ఆకు, ఇంకో కొట్లో ఇంకో ఆకు ఇస్తారు, రెండూ వేర్వేరు మొక్కలు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తెగ తాగారు. ఆ తర్వాత దేశంలోని 13 ఆసుపత్రుల డాక్టర్లు తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు ప్రకటించారు. ఆయుష్ శాఖ ఈ నింద ఒప్పుకోలేదు, అలాగే ఉండే వేరే తీగ వాడి ఉంటారంది. అది నిజమే అనుకున్నా, రెండు తీగలకి తేడా తెలియకుండా ఇంటింటా కాచుకోమన్నది ఎవరు? భస్మాలు, అంటే లోహాలు కాల్చి చేసిన పొడులు, కలిసిన మందుల గొడవ వేరే ఉంది. 2008లో అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 193 ఆయుర్వేద మందులని పరీక్షిస్తే అయిదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది.

చట్టం లేక కాదు. షుగర్, క్యాన్సర్ లాంటి రోగాలు నయం చేస్తామని ప్రకటన వేయడం 1954 చట్టం ప్రకారమే నేరం, ఎత్తు పెంచుతామనడం కూడా ఆ జాబితాలో ఉంది. బస్టాండు కాంప్లెక్సు దగ్గర గోడల మీద అంటించిన కాగితాలకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. పాత ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న మందుల తయారీలకి కొత్తగా పరీక్షలు అడగకుండా లైసెన్సు ఇచ్చేస్తారు, ఇంగ్లీషు మందుకి అడిగినన్ని అడగరు. గ్రంథం పాతదైతే చాలు, లోపలి సరుకు కొత్తగా తూచనక్కర్లేదన్నట్టు ఉంటుంది వ్యవహారం.

అన్నీ చెడ్డ కబుర్లే చెబితే అన్యాయం అవుతుంది. మలబద్ధానికి ఇసబ్‌గోల్ పొట్టు ఇంగ్లీషు డాక్టరే రాస్తాడు, సునాముఖి ఆకు మందు బిళ్ళగా మెడికల్ షాపులో దొరుకుతుంది, పంటి డాక్టరు గదిలో అడుగుపెట్టగానే కొట్టే వాసన లవంగ నూనెది, నరాల మంటకి పూసే ఒక క్రీములో ఉన్నది మిరపకాయ కారం. ఇవి ఇంత నిశ్చింతగా వాడగలుగుతున్నామంటే వాటి మోతాదు తెలుసు కాబట్టి, కాస్త ఎక్కువైనా ప్రాణం మీదికి రాదు కాబట్టి.

ఈ సరుకంతా ఏరి తెచ్చే సవర, జాతాపు గిరిజనుల వాటా ఏమిటన్నది ఇంకో పెద్ద వ్యాసానికి సరిపడే సంగతి. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ దళారుల బెడద కొంత తగ్గించింది, కానీ కిలోల లెక్కన కొన్న పిక్క మిల్లీగ్రాముల లెక్కన మందయ్యే దారిలో పెరిగే విలువలో కొండ మీదికి తిరిగి వచ్చేది తక్కువ. 2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా ఇవ్వాలంది, 2023లో చేసిన సవరణ గ్రంథాల్లో రాసి ఉన్న విజ్ఞానం వాడుకునేవాళ్ళకి ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. మరోపక్క నరమామిడి చెట్టుని చూడండి. చెక్క అగరొత్తుల జిగురుకి, విరిగిన ఎముకల కట్లకి పోతుంది. చెట్టు చుట్టూ బెరడు ఒలిచేస్తే చెట్టు నిలబడి ఎండిపోతుంది. సగం వైపు మాత్రమే ఒలిచి, మళ్ళీ పట్టేదాకా ఆగితే ఏళ్ళ తరబడి ఇస్తుందని ఒలిచేవాళ్ళకి తెలుసు, ఆగితే ఇంకొకడు ఒలుచుకుపోతాడని కూడా తెలుసు.

ఓపీ గదిలో రోజూ జరిగే ఒక సంభాషణ ఉంది. "ఇంతకుముందు ఏవైనా మందులు వాడారా అమ్మా?" అని డాక్టరు అడుగుతాడు. "ఏటీ లేదు బాబూ" అంటుంది ఆవిడ. అబద్ధం చెప్పడం లేదు. పసరు ఆవిడ లెక్కలో మందు కాదు, ఆకు. కషాయం మందు కాదు, కాఫీ లాంటిది. బీపీ ఎందుకు దిగడం లేదో, పొటాషియం ఎందుకు పడిపోతోందో డాక్టరు తల పట్టుకుంటాడు. దగ్గుకని నెల రోజులుగా నోట్లో నానేస్తున్న అతిమధురం ముక్క ఆ రెండూ చేయగలదని ఆవిడకి తెలియదు, ఆవిడ కొంగుముడిలో ఆ ముక్క ఉందని ఆయనకి తెలియదు. "ఆకులూ వేర్లూ ఏమైనా తీసుకుంటున్నావా?" అని విడిగా అడిగితే అప్పుడు ముడి విప్పుతుంది.